గౌస్ పాషా చెవి

అచ్చంపేటలో ఎవరి మిషనుకు జబ్బు చేసినా ముందు మా నాన్న చెవికి చూపించాలి. ఎక్కడా రాసి లేదు గానీ, సీజనులో బల్మూరు రోడ్డు మీది మా రేకుల షెడ్డు ముందు ఆగే ట్రాక్టర్లను చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మా నాన్న గౌస్ పాషా మూరెడు స్క్రూడ్రైవరు తీసి, దాని మొనను తిరుగుతున్న బేరింగు పెట్టె మీద పెడతాడు. పిడిని కుడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. అప్పటిదాకా అరుచుకున్న రైతులు కూడా ఊపిరి బిగబట్టి నిలబడతారు. "గౌస్ పాషా చెవి పెడితే ఇనుము అబద్ధమాడది" అని మా దిక్కు ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది మా నాన్నేనని నా అనుమానం.

నేను చదివేది మెకట్రానిక్స్. అదేం చదువని చుట్టాలు అడిగితే మా అమ్మ కుల్సుమ్‌బీ "మిషన్లకు బుద్ధి చెప్పే చదువు" అంటుంది. మా ప్రొఫెసర్లు కూడా ఇంతకంటే బాగా చెప్పలేరు. హైదరాబాద్ అవతలి మా యూనివర్సిటీలో నాలుగు నెలలు క్లాసులో కూర్చుంటే నాలుగు నెలలు ఎక్కడైనా పనిలో ఉండాలి. చేతికి నూనె అంటకుండా పట్టా ఇవ్వరు. మూడో ఏడు ఆ పనికి నాకు వెల్డింగు చేసే రోబో చేతులు తయారుచేసే ఫ్యాక్టరీలో చోటు దొరికింది. అంతమంది పోటీలో తీసుకున్నది నన్నూ, హాస్టల్లో నా గదిలోనే ఉండే వర్షనూ. సంబరం పట్టలేక ఇద్దరం ఒకే రంగు సేఫ్టీ బూట్లు కూడా కొనుక్కున్నాం.

సరిగ్గా అప్పుడు అమ్మ ఫోన్ చేసింది.

"అబ్బాకు నడుము పట్టింది రుబీనా. పల్లికాయ సీజన్ మీద పడ్డది. జర కొన్ని దినాలు వచ్చి పో."

ఫ్యాక్టరీ వాళ్ళు మంచివాళ్ళే. రంజాన్ పండుగ తర్వాతి సోమవారం రెండో బ్యాచ్ మొదలవుతుంది, అందులో చేరమన్నారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ చోటు వేరేవాళ్ళకు పోతుందని కూడా అన్నారు. అప్పటిదాకా మా నాన్న షెడ్డులో నేను చేసే పనిని లెక్కలోకి తీసుకుంటామని యూనివర్సిటీ ఒప్పుకుంది. కాగితం మీద నా గైడు మా నాన్న. మెలిక అక్కడే ఉంది. గైడు విడుదల కాగితం మీద సంతకం పెడితే తప్ప నేను ఇంకో చోట అడుగు పెట్టడానికి లేదు.

నడుము పట్టిన మనిషి, నేను బస్సు దిగి వచ్చేసరికి ట్రాక్టరు కింద దూరి బోల్టులు బిగిస్తున్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుని, నేనిచ్చిన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. చదివి డ్రాయరు తీసి గ్రీజు డబ్బా కింద పెట్టాడు.

"సీజన్ అయినంక చూద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ మా ఇంట్లో నాన్న "చూద్దాం" అన్నాక ఇక అందులో చూసేదేమీ ఉండదు.

మర్నాటి నుంచే చదువు మొదలైంది. పల్లి చెట్ల నుంచి కాయ తెంపే పెద్ద మిషన్లు ట్రాక్టర్ల వెనక తగిలించుకుని వచ్చేవి. నాన్న స్క్రూడ్రైవరు ఆనించి, తాను విని, తర్వాత నాకిచ్చేవాడు.

"ఏం ఇనపడ్తుంది?"

మొదటిరోజు ఏమీ వినపడలేదు. మిషను గోల పుర్రెలోకి దిగింది, అంతే. నాలుగో రోజుకు ఆ గోలలోంచి ఒక సన్నని గరగర విడిపోయి వచ్చింది. నాన్న మిషన్లు విప్పి చూపిస్తుంటే, వారానికి గ్రీజు ఎండిన బేరింగు ఎట్లా ఏడుస్తుందో, గుండు పగిలిన బేరింగు ఎట్లా టకటకలాడుతుందో తెలిసిపోయింది. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది.

"నోటితోటి చెప్పకు" అన్నాడు నాన్న. "రైతు ఇంటే ఉన్నది లేనిది ఊహించుకొని పరేషాన్ అయితడు. వేళ్ళతోటి చెప్పు."

అట్లా మాకొక భాష తయారైంది. ఒక వేలు చూపిస్తే గ్రీజు లేదని. రెండు వేళ్ళంటే బేరింగు పోయిందని. మూడంటే షాఫ్టు వంగిందని. పిడికిలి చూపిస్తే అంతా బాగుందని. నేను వేళ్ళు చూపించగానే నాన్న "ఊఁ" అని తలాడించి రైతు వైపు తిరిగి తీర్పు చెప్పేవాడు. పరీక్ష పెట్టే మాస్టారు లాగానే ఉండేవాడు. జవాబు తనకు ముందే తెలుసు, నాకు తెలుసో లేదో చూస్తున్నాడని నేను అనుకున్నాను.

రంజాన్ వచ్చింది. రోజా ఉపవాసం ఉండి రేకుల కింద నిలబడటమంటే ఏమిటో నిలబడితే గానీ తెలియదు. మధ్యాహ్నానికి పల్లి పొట్టు గొంతులో అతుక్కునేది. అటు వర్ష రోజుకో వీడియో పంపేది. రోబో చెయ్యి గుడ్డును పట్టుకుని, పగలకుండా తెచ్చి గిన్నెలో పెడుతోంది. "ఇయ్యాల నేనే నడిపిన" అని రాసింది. నేను ఆ గుడ్డును పదిసార్లు చూసి, గ్రీజు చేతులతో ఫోన్ జేబులో పెట్టుకుని, కుడితిలో పడ్డ ఎలుకలా మళ్ళీ షెడ్డులోనే తిరిగాను. డ్రాయరు రోజూ తెరిచేవాళ్ళం, పానాల కోసం. గ్రీజు డబ్బా కింద నా కాగితం అంచు పసుపుపచ్చగా మారుతోంది.

"అబ్బాజాన్, సంతకం" అంటే, "పండుగ అయినంక" అనేవాడు. మొదట సీజన్ అన్నాడు, ఇప్పుడు పండుగ. పండుగ తర్వాత ఇంకేమంటాడో అని గుబులు పుట్టింది. ఒకసారి ఉండబట్టలేక వెనక నుంచి అననే అన్నాను, "చెవిటివాని ముంగట శంఖం ఊదినట్టుంది" అని. నాన్న తిరిగి కూడా చూడలేదు. ఎంత మొండివాడు అనుకున్నాను.

ఇరవయ్యో రోజా నాడు బల్మూరు నుంచి యాదయ్య కాక మిషను తెచ్చాడు. కాక మాకు పాత గిరాకీ. చెట్లు పీకి కుప్పలు వేశాడట, రేపే తెంపుడట, ఒకసారి చెవి పెట్టి చెప్తే చాలన్నాడు. నాన్న స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నాకిచ్చాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ గుర్రుమంది. యూనివర్సిటీ నుంచి మెసేజి: విడుదల కాగితం పండుగ తర్వాతి సోమవారంలోపు అందకపోతే మీ చోటు రద్దు. రద్దు అన్న మాట చదివాక నా చెవిలో ఇంకేం దూరుతుంది? స్క్రూడ్రైవరును మిషను మీద పెట్టాను, పిడిని చెవికి ఆనించాను, అంతే. నేను వినలేదు. ఎట్లాగూ నాన్న విన్నాడు గదా, తప్పయితే దిద్దుతాడు, క్లాసులో దిద్దినట్టు. పిడికిలి చూపించాను.

"తీస్కపో యాదయ్యా, ఏం కాదు" అన్నాడు నాన్న.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు వేళకు ఫోన్ వచ్చింది. నాన్న ఫోన్ ఎప్పుడూ అమ్మ దగ్గరో నా దగ్గరో ఉండేది, ఎత్తింది నేనే. బేరింగు పట్టేసింది. తిరిగే షాఫ్టు విరిగింది. బెల్టు తెగి వచ్చి, చెట్లు అందిస్తున్న యాదయ్య కాక భార్య జంగమ్మ చేతికి తగిలింది. ఎముక విరిగింది, నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతున్నారు. నేను నాన్న ఎదుట నిలబడి ఒక్కొక్క మాటా చెప్పాను. ఆయన నా ముఖం వైపే చూస్తూ విని, బండి తాళాలు తీసుకున్నాడు.

మేం చేరేసరికి చేనులో మిషను ఒక పక్కకు ఒరిగి ఉంది. పీకిన చెట్ల కుప్పలు అట్లాగే ఉన్నాయి. యాదయ్య కాక కొడుకుతో జంగమ్మను పంపి తాను మిషను దగ్గరే కూర్చున్నాడు. కోపంగా అరిచినా బాగుండేది.

"నీ చెవి మీద నమ్మకంతోటి తోలుకొచ్చిన పాషాబాయ్" అన్నాడు.

"తప్పు నాదే యాదయ్యా. నా చెవి తప్పు" అన్నాడు నాన్న.

నేను పక్కనే ఉన్నాను. నా పిడికిలిని చున్నీ కింద దాచుకున్నాను.

తిరిగి వస్తుంటే బండి వెనక కూర్చుని అడిగాను, "అబ్బాజాన్, నిన్న నీకు ఇనపడలేదా?" జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. రోజా విడిచే ఇఫ్తార్ వేళ దగ్గరపడిందని రోడ్డు పక్కన బండి ఆపాడు. అమ్మ కట్టిచ్చిన ఖర్జూరాలు తీసి నాకొకటిచ్చి, తానొకటి పట్టుకున్నాడు. బల్మూరు మసీదు నుంచి అజాన్ లేచింది. గాలి ఇటువైపే ఉంది, ప్రతి అక్షరం స్పష్టంగా వినపడుతోంది. నాన్న ఖర్జూరం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పడమటి ఆకాశం వైపు చూశాడు. నా చేతి వైపు చూశాడు. అజాన్ సగానికొచ్చింది. ఆయన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి, పొద్దుటి నుంచీ నీటి చుక్క ఎరగవు. నేను ఖర్జూరాన్ని నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఆయనా పెట్టుకున్నాడు.

ఇరవై రోజులుగా ఇంట్లో తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చుని మా చేతుల వైపు ఎందుకు చూసేవాడో అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే వంటింట్లో అమ్మను నిలదీశాను.

"రెండేండ్లాయె" అంది అమ్మ, పొయ్యి వైపు తిరిగి. "ముప్పై ఏండ్లు సుత్తెల నడుమ బతికిన చెవులు. దవాఖానల చెవి మిషన్ ఇచ్చిండ్రు. పెట్టుకొని షెడ్డుకు పోతే మేకు కొట్టినట్టు ఉందని పెట్టెల పడేసిండు. మొదట్ల పిడి కదులుడుతోటి పట్టేటోడు. ఇప్పుడు చేతులు గూడ మొద్దుబారినయి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వస్తుంటివా?"

"నడుము నొప్పని అబద్ధం చెప్పి పిలిపించుకున్నరు. నేను బిడ్డనా, ఆయనకు తగిలించిన సామానా?"

అమ్మ పొయ్యి మంట తగ్గించింది. "షెడ్డుల మిషన్ల సప్పుడుకు అందరు ఒర్రుకుంటనే మాట్లాడ్తరు, గందుకే ఎవ్వరు పసిగట్టలే" అంది. "తెలిస్తే ఒక్క ట్రాక్టర్ గూడ ఆగదు. ఆయనకు ఆ చెవి తప్ప ఏముంది, నువ్వే చెప్పు."

ఏడ్చాను. జాలితో కాదు, కోపంతోనే. జాలి తర్వాత వచ్చింది, వచ్చాక పోలేదు.

అయితే నాది బుద్ధి చెప్పే చదువు గదా. యాదయ్య కాక మిషనుకు నాన్న కొత్త షాఫ్టు కడుతున్న ఆ మూడు రోజులూ నేను ఒక మూల కూర్చుని నా స్థానంలో నిలబడేదాన్ని తయారుచేశాను. కదలికను కొలిచే చిన్న బిళ్ళ, దానికో బోర్డు, మూడు లైట్లు. బాగుంటే పచ్చ, అనుమానముంటే పసుపు, పోతే ఎరుపు. బల్ల ఫ్యాను మీద పెడితే అచ్చం నాన్న చెవి లాగే చెప్పింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. ఇది పనిచేస్తే నేను పోవచ్చు. నాన్న కూడా తమాషాగా చూసి ఫ్యాను రెక్కను వేలితో ఆపి, ఎరుపు వెలిగితే నవ్వాడు. తీరా పల్లికాయ మిషను మీద పెడితే, అది ఎద్దులా కుదిపే కుదుపుకు మంచి బేరింగుకూ చెడ్డ బేరింగుకూ ఒక్కటే ఎరుపు. ప్రోగ్రాం రాత మార్చాను, బిళ్ళ చోటు మార్చాను. ఎరుపు ఆరలేదు. బల్ల ఫ్యాను మీద ఫస్టు వచ్చిన లైట్లు పొట్టు దుమ్ములో తప్పాయి. నెలలు కూర్చుని సరిచెయ్యాల్సిన పని అది, నాకున్నది అయిదు రోజులు.

నాన్న నా భుజం తట్టి డ్రాయరు తెరిచాడు. కాగితం తీస్తాడేమో అని ఆశపడ్డాను. పానా తీసుకున్నాడు.

పండుగ రెండు రోజులుందనగా యాదయ్య కాక మిషను తీసుకుపోవడానికొచ్చాడు. జంగమ్మ చిన్నమ్మ కూడా చేతికి కట్టుతో ట్రాక్టరు దిగింది. మరో నలుగురు రైతులు వాళ్ళ మిషన్లతో వరసలో ఉన్నారు. మిషను తిప్పారు. నాన్న స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూసుకోవడం చూడలేకపోయాను. వినపడని మనిషి వింటున్నట్టు నటిస్తూ, అది నమ్మే వాళ్ళ మధ్య ఎంత ఒంటరిగా ఉన్నాడో.

"ఈసారి మంచిగ ఇను పాషాబాయ్" అన్నాడు యాదయ్య కాక. ఎగతాళి కాదు, భయం.

నాన్న స్క్రూడ్రైవరు నాకిచ్చాడు. నేను అందుకోలేదు.

"కాకా" అన్నాను. "మొన్న ఇన్నది అబ్బాజాన్ కాదు, నేను. నేనే సరిగ్గ ఇనలే. ఇనకుండనే బాగుందన్న."

"నువ్వేంది బిడ్డా? చెవి పెట్టింది పాషాబాయ్ గదా?"

ఒక మాట దాటితే రెండో మాట చెప్పక తప్పదు. "ఆయనకు ఇనపడదు కాకా."

మిషను తిరుగుతూనే ఉంది. నాన్నకు నా మాట వినపడలేదు, కానీ వాళ్ళ ముఖాలు కనపడ్డాయి. ఒక్కొక్క ముఖాన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుడ్డ తీసుకుని తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అంతకుముందే అవి శుభ్రంగా ఉన్నాయి.

జంగమ్మ చిన్నమ్మ ముందుకొచ్చింది. మంచి చేత్తో స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది.

"అట్లనా. అయితే ఇప్పుడు సరిగ్గ ఇను" అంది. "మా కుప్పలు ఆడనే ఉన్నయి. వాన మబ్బు పడ్తుంది."

విన్నాను. ప్రాణమంతా చెవిలో పెట్టి విన్నాను. పిడికిలి చూపించాను. వాళ్ళు మిషను తోలుకుపోయారు. తర్వాతి రైతు నాన్న వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికొచ్చాడు. "నాది గూడ జర ఇను బిడ్డా." ఆ తర్వాత ఇంకొకరు. ఎవరూ వరస తప్పించుకుని పోలేదు. అమ్మ భయం తప్పింది, నా మెడకు మాత్రం ఉచ్చు బిగిసింది. తిట్టి వెళ్ళిపోయి ఉంటే నేనూ వెళ్ళిపోగలిగేదాన్ని. నమ్మినవాళ్ళను వదిలేసి ఎట్లా పోతారు?

సాయంత్రం షెడ్డు మూసే ముందు నాన్న డ్రాయరు తెరిచి గ్రీజు డబ్బా పక్కకు జరిపాడు. కాగితం తీసి బల్ల మీద పరిచి, కూర్చుని, ఏడో తరగతి అక్షరాలతో నింపాడు. "విద్యార్థి ఏమి నేర్చుకున్నారు" అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాడు. "చెవులు మంచిగున్నయి" అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

"షెడ్డు ఎట్ల?" అని అడిగాను, ఆయనకు నా పెదవులు కనపడేటట్టు.

"చూద్దాం" అన్నాడు.

సోమవారం నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. గేటు దగ్గర ప్రతి ఒక్కరికీ చెవుల్లో పెట్టుకునే నారింజ రంగు ప్లగ్గులిస్తారు. అవి లేకుండా లోపలికి రానివ్వరు. చిటికెన వేలంత స్పాంజి ముక్కలు. అట్లాంటివి మా నాన్నకు ముప్పై ఏళ్ళలో ఒక్కరు ఇచ్చి ఉంటే అనుకుంటూ వాటిని చేతిలో పట్టుకుని నిలబడితే, వర్ష నవ్వి, "పెట్టుకో, అవి తినేటివి కావు" అంది. మూడో రోజే రోబో చెయ్యిని కదిలించాను. గుడ్డు పగల్లేదు. అది నా బతుకులో మంచి రోజు, ఆ మాట దాచను.

మూడో వారం టీ విరామంలో వీడియో కాల్ వచ్చింది. తెర నిండా నాన్న ముక్కు, వెనక యాదయ్య కాక. చివరి కుప్ప మిగిలిందట, మిషను ఏదో శబ్దం చేస్తోందట. నాన్న స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద పెట్టి, పిడిని ఫోన్‌కు ఆనించాడు.

నేను ప్లగ్గులు తీసేసి ఫోన్‌ను చెవికి అదుముకున్నాను. మిషను చప్పుడు లేదు. ఏమీ లేదు. ఫోన్ మనిషి గొంతును మాత్రం పంపి, మిగిలిన గోలనంతా చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. అట్లా ఊడ్చేలా దానికి బుద్ధి చెప్పింది మా చదువు చదివినవాళ్ళే. నాకు వినపడింది నాన్న ఊపిరి, ఆ తర్వాత నాన్న గొంతు.

"ఏం ఇనపడ్తుంది?"

ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. నాన్న నా చేతి వైపు చూస్తున్నాడు, ఖర్జూరం పట్టుకుని చూసినట్టే. యాదయ్య కాక కూడా చూస్తున్నాడు. నా వేళ్ళు వాటంతట అవే ముడుచుకోబోయాయి. ఆపుకున్నాను. మా భాషలో లేని సైగ ఒకటి చేశాను. అరచెయ్యి పూర్తిగా విప్పి, ఖాళీగా చూపించాను.

నాన్న కాసేపు చూశాడు. "తెల్వదంటుంది" అన్నాడు యాదయ్య కాకతో. "ఇప్పి చూద్దాం." మిషను ఆపించి పానా అందుకున్నాడు. బేరింగు బయటికొచ్చాక ఫోన్ ముందు పట్టుకుని చూపించాడు. గుండు పగిలి ఉంది. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను. టీ విరామం అయిపోయిందని లోపల మొదటి విజిల్ పడింది.

"మంచిగైంది" అన్నాడు నాన్న. "రేపు ఇంకో రెండు మిషన్లు వస్తున్నయి. గిట్లనే ఫోన్ చేస్త, దగ్గర్నే పెట్టుకో. నీకేం తక్లీఫ్ లేదు గద బేటీ?"

రెండో విజిల్ పడింది. వర్ష తలుపు దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపుతోంది. తెర మీద నాన్న నా చేతి వైపే చూస్తున్నాడు.

నేను పిడికిలి చూపించాను.